సిద్ధూల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పంజాబ్ రైతు కులమైన జాట్లలో సిద్ధూ అనే వంశం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "సిద్ధూలు జైసల్మేర్ భట్టీ రాజపుత్రుల సంతతి" అని తేల్చేశావు. అది వాళ్లు తమ గురించి చెప్పుకునే మాట. "అని చెప్పుకుంటారు" అని చేర్చు, వాక్యం నిజమవుతుంది.

జైసల్మేర్‌ను కట్టిన రావల్ జైసల్ వంశంలో ఖేవా అనే ఆయన జాట్ పిల్లను పెళ్లాడాడట, వాళ్ల కొడుకే సిద్ధూ అట. తండ్రి రాజపుత్రుడు, తల్లి జాట్ అనే ఈ కథ ఇంకా ఎన్నో జాట్ వంశాల్లో వినిపిస్తుంది. అలాంటప్పుడు ఆ కథ ఎవరికి, ఎప్పుడు అవసరపడిందో చూడాలి. 17వ శతాబ్దంలో ఫూల్ అనే సిద్ధూ చౌదరి, అంటే ఊళ్ల పెద్ద, ఉండేవాడు. ఆయన కొడుకు తిలోకా వారసులు నాభా, జీంద్ సంస్థానాలను ఏలారు. ఇంకో కొడుకు రామాకు పుట్టిన ఆలా సింగ్ పటియాలా సంస్థానం నిలబెట్టాడు. రైతుల ఇంట సింహాసనం వెలిశాక పాత రాజుల వంశంలో చోటు కావాలనిపించడం సహజం అని నా అభిప్రాయం. 1870లో బ్రిటిష్ అధికారి గ్రిఫిన్ పంజాబ్ రాజుల చరిత్రను అచ్చు వేశాక ఆ వంశావళికి మరింత బలం వచ్చింది.

నాకు ఇంకో కథ ఇష్టం. చిన్నప్పుడు ఫూల్ సిక్కుల ఏడో గురువు హర్ రాయ్ ముందు నిలబడి, ఆకలేస్తోందని పొట్ట మీద కొట్టుకుని చూపించాడట. నీ వారసుల గుర్రాలు యమునలో నీళ్లు తాగుతాయని గురువు దీవించారట. ఎడారి అంచున బతికిన జనం ఆకలి ఇందులో ఉంది. దీన్ని నువ్వు వదిలేశావు!

ఇక సిద్ధూ లాంటి వంశాన్ని జాట్లు పిలిచే "గోత్" అన్న మాట. దాన్ని "గోత్రం" అని రాసి ఊరుకుంటే మన పాఠకులు ఋషుల పేర్లు తలుచుకుంటారు. అది మన ఇంటిపేరుకే దగ్గర, ఒకే గోత్ వాళ్లు పెళ్లి చేసుకోరు. బ్రార్లు సిద్ధూల నుంచి చీలిన శాఖ. ఒకప్పటి ఫరీద్‌కోట్ సంస్థాన పాలకులు వాళ్లే. పేరు వేరైనా సిద్ధూలకూ బ్రార్లకూ మధ్య సంబంధాలు కలుపుకోకపోవడం ఆనవాయితీ. చుట్టరికం తెలుసుకోవాలంటే వంశావళి కంటే ముందు పెళ్లిళ్ల గురించి అడుగు.

వాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పేటప్పుడు జిల్లాల జాబితా ఇచ్చి వదిలేశావు. పంజాబ్‌లో సట్లెజ్ నదికి దక్షిణాన ఉన్న మాల్వా ప్రాంతం వాళ్ల గడ్డ: బఠిండా, మాన్సా, ఫరీద్‌కోట్, ముక్త్‌సర్. గాయకుడు సిద్ధూ మూసేవాలా పేరే చూడు, గోత్ పక్కన ఊరు, మాన్సా జిల్లాలోని మూసా. ఆ తర్వాత నీటి వెంట వెళ్లు. 1882లో సర్హింద్ కాలువ మాల్వా మెట్ట భూములకు నీళ్లిచ్చింది. 1927లో గంగ్ కాలువ రావడంతో పంజాబ్ జాట్ రైతులు బికనేర్ సంస్థానంలోని గంగానగర్ వైపు కదిలారు. ఇంకోటి, "సిక్కు తెగ" అనే మాట తీసెయ్. పాకిస్తాన్ పంజాబ్‌లో ముస్లిం సిద్ధూలూ ఉన్నారు.

జనాభా అంకె కూడా కొట్టెయ్. కులాలవారీ పూర్తి లెక్కలు 1931 జనగణనతోనే ఆగిపోయాయి, నీ అంకెకు ఆధారం లేదు.

మూడో పేజీలో ఫూల్ పూర్వీకుల ఊరు మెహ్రాజ్ మీద నాలుగు వాక్యాలు రాశావే, వాటిని మొదటికి తెచ్చి అక్కడినుంచి మళ్లీ రాయి. కాలువలు గీసిన మ్యాప్ ఒకటి జతచేసి పంపు, ఎదురుచూస్తుంటాను.

మీ అన్నయ్య