సంతాప నగలా? శోకాభరణాలా?

సందేహం: విక్టోరియా రాణి కాలంలో బ్రిటన్‌లో చనిపోయినవారి గుర్తుగా పెట్టుకున్న నగల మీద వ్యాసం రాస్తున్నాను. వాటిని 'సంతాప నగలు' అనాలా, 'శోకాభరణాలు' అనాలా? లాకెట్లలో దాచిన వెంట్రుకలను 'తలనీలాలు', ఆ నగల్లో వాడిన జెట్ అనే నల్లని పదార్థాన్ని 'నల్లరాయి' అనవచ్చా?

సమాధానం: నేనైతే 'శోకాభరణాలు' అంటాను. సంతాపానికి దుఃఖమనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ ఇవాళ సంతాప సభ, సంతాప సందేశం అంటున్నామంటే అది ఎక్కువగా బయటివాళ్లు తెలిపేదే. ఈ నగలు పెట్టుకున్నది ముఖ్యంగా పోయినవారి సొంతవాళ్లు. 1861 డిసెంబర్ 14న భర్త ఆల్బర్ట్ చనిపోయాక విక్టోరియా, 1901లో తాను కన్నుమూసేదాకా నల్లబట్టలు విడవలేదు. ఆయన వెంట్రుకలున్న లాకెట్‌ను ధరించేది. దాన్ని సంతాపం అంటే చాలా పలచబడిపోతుంది.

అయితే 'శోకాభరణం' అనగానే 'శోకమే ఆభరణం' అని రూపక సమాసంగా చదివేవారుంటారు. పైగా భర్త పోతే నగలు తీయించిన ఆచారం మనది. శోకంలో నగలేమిటని పాఠకుడు ఆగిపోతాడు. అందుకే మొదటిసారి 'శోకకాలంలో ధరించే ఆభరణం' అని విడమరిచి చెప్పండి. ఆ నగల భాష కూడా కాస్త వివరించండి: ముత్యాలు కన్నీళ్లకు గుర్తు, ఉంగరం మీద నల్ల ఎనామెల్ (గాజులాంటి రంగు పూత) మామూలు, పెళ్లికానివారో పిల్లలో పోతే తెల్లది. ఉంగరం లోపలివైపు పేరు, చనిపోయిన తేదీ, వయసు చెక్కించేవారు.

'తలనీలాలు' మాత్రం వద్దు. అవి తిరుమలలోనో మరో క్షేత్రంలోనో దేవుడికి మొక్కుగా ఇచ్చేవి. ఇక్కడ పోయినవారి జుట్టును సన్నగా అల్లి గాజు కింద బిగించారు. 'వెంట్రుకలు' అంటే చాలు, ఏ లోటూ లేదు. ఇంకో జాగ్రత్త: వెంట్రుకలున్న ప్రతి లాకెట్టూ శోకాభరణం కాదు. ప్రేమికులు బతికుండగానే జుట్టు ఇచ్చిపుచ్చుకునేవారు. మరణ తేదీలాంటి ఆధారం లేనప్పుడు 'గుర్తుగా దాచుకున్న లాకెట్' అనండి.

నల్లరాయి అంటే మనకు గ్రానైటే మెదులుతుంది. యార్క్‌షైర్ తీరంలోని విట్బీలో దొరికే జెట్ కోట్ల ఏళ్ల కిందటి చెట్ల కలప మారి ఏర్పడింది. చాలా తేలిక, ముట్టుకుంటే రాయిలా చల్లగా తగలదు. పెద్ద పెద్ద పూసల హారాలు మెడకు బరువు కాకపోవడానికి కారణం అదే. 'జెట్' అనే ఉంచి, ఒక్కసారి 'నల్లని శిలాజ కలప' అని చెబితే సరిపోతుంది.