లోషన్ సంగతి సరే, ఆ ట్యూబు ఎవరు రాయమన్నారు?

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. ఒళ్లు పొడిబారి గరుగ్గా ఉంటుంది. వాడుతున్న లోషన్ మీద గ్లిజరిన్, మినరల్ ఆయిల్, ఫినాక్సీఇథనాల్, పారాబెన్ అని రాసుంది. ఇవి ప్రమాదమా? మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా వస్తే మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నాం. రెండ్రోజుల్లో తగ్గి మళ్లీ వస్తోంది.
– ఒక తల్లి, కావలి

జవాబు: గ్లిజరిన్, మినరల్ ఆయిల్ గురించి భయం అక్కర్లేదమ్మా. లోషన్ పాడవకుండా కలిపే ఫినాక్సీఇథనాల్ 1 శాతం లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అదే పనికి కలిపే పారాబెన్లలో ప్రొపైల్, బ్యూటైల్ రకాలను మూడేళ్లలోపు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసే క్రీముల్లో వాడకూడదని యూరప్‌లో 2014లో ఆంక్ష పెట్టారు. ఆ భాగానికి అవి లేనిది చూసుకోండి. నాకు అసలు పడనిది పర్ఫ్యూమ్. డబ్బా మీద 'బేబీ' అని ఉన్నా సరే, వాసన లేనిదే కొనండి.

నాకు టెన్షన్ పుట్టించింది మీరు చివర్లో మామూలుగా రాసేసిన ట్యూబు. పేరు రాయలేదు. తీసి చదవండి. క్లోబెటసాల్ గానీ, బీటామెథాసోన్ గానీ ఉంటే అది ఘాటైన స్టెరాయిడ్. పక్కనే జెంటామైసిన్ (యాంటీబయాటిక్), మైకోనజోల్ (ఫంగస్ మందు) కూడా కనిపించవచ్చు. రాయగానే మాయమై, ఆపగానే తిరగబెడుతోందంటే నా అనుమానం అటే పోతుంది, చూడకుండా ఖాయంగా చెప్పలేను. పసిచర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది, డైపర్ కింద అయితే మరీనూ. చర్మం పలచబడుతుంది. ఆ ఎరుపు ఫంగస్ వల్ల వచ్చే తామర అయితే పైకి తగ్గినట్టే ఉండి లోపల పాకుతుంది. ఇలాంటి పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన పెట్టారు. అయినా కౌంటర్ దగ్గర 'దురదకు ఏదైనా ఇవ్వండి' అని అడుగుతాం, వాళ్లు ఇచ్చేస్తారు. లోషన్ మీద ప్రతి అక్షరం చదివిన మీరు దీన్ని చదవకపోవడమేంటమ్మా?

స్టెరాయిడ్ అంటేనే విషం అనడం లేదు. మీరు చెప్పిన చోట్లను బట్టి ఇది ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) కావచ్చు. దానికి మేమూ తక్కువ ఘాటుది, కొద్ది రోజులకు లెక్కగట్టి రాస్తాం. వారాల తరబడి రోజూ రాసి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, ఈ వారమే చర్మ వైద్యుల్ని కలవండి. నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ చూస్తారు. చీము, జ్వరం ఉంటే ఆ రోజే వెళ్లాలి.

అప్పటిదాకా నలుగు, ఆవనూనె వద్దు. గోరువెచ్చని నీళ్లతో అయిదు నిమిషాల్లో స్నానం ముగించి, తుండుతో అద్ది, తడి ఆరకముందే లోషన్ దండిగా పట్టించండి. వెళ్లేటప్పుడు ట్యూబు, లోషన్ డబ్బా రెండూ పట్టుకెళ్లండి. 'తెల్ల ట్యూబు సార్' అంటే ఏ డాక్టరుకూ అర్థం కాదు.