ఘోస్ట్‌బస్టర్స్ 2016 ఆడవాళ్ళ వల్ల పోలేదు, బేరం లేక పోయింది

ప్రశ్న: 2016లో వచ్చిన ఘోస్ట్‌బస్టర్స్ చాలామందికి నచ్చకపోవడానికి కారణం పాత సినిమాలో మగవాళ్ళున్న చోట ఆడవాళ్ళను పెట్టడమేనా?

కాదండీ. ఆడవాళ్ళున్నారని ఆ సినిమాను తిట్టినవాళ్ళలో చాలామంది అది విడుదల కాకముందే తిట్టారు. ట్రైలర్ రాగానే యూట్యూబ్‌లో డిస్‌లైకులు కుమ్మరించారు. అందులో నటించిన లెస్లీ జోన్స్‌ను ట్విటర్‌లో ఎంత నీచంగా తిట్టారంటే ఆమె కొన్నాళ్ళు అక్కడి నుంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. వాళ్ళ గోల పక్కన పెట్టండి. అలాగని, వాళ్ళు తిట్టారు కాబట్టి సినిమా మంచిదే అయ్యుంటుందని వాదించేవాళ్ళతోనూ నాకు పేచీయే. నేను డబ్బులిచ్చి టికెట్ కొని చూశాను. నచ్చలేదు. నా కారణం వేరే. ఆ సినిమాలో బేరం లేదు.

దయ్యాల సినిమాకు బేరమేంటి అంటారేమో. చెప్తాను. కర్నూలోళ్ళం, ఏదైనా మొదటి నుంచి చెప్తేనే మాకు తృప్తి.

1990ల మొదట్లో మా మేనమామకు కొండారెడ్డి బురుజు దగ్గర్లో వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. టీవీ, వీసీపీ కూడా రాత్రికి అద్దెకిచ్చేవాడు. అప్పట్లో ఇంగ్లిష్ సినిమా అంటే కర్నూల్లో రెండే రకాలు అడిగేవాళ్ళు: కొట్టుకునేవి, దయ్యాలవి. మూడో రకం అడిగేవాళ్ళూ ఉండేవాళ్ళు గానీ, వాళ్ళు షాపులో ఎవరూ లేనప్పుడు వచ్చి మెల్లగా అడిగేవాళ్ళు. సరే, మామ ఒకసారి హైదరాబాదు నుంచి సరుకు తెస్తూ, అట్ట మీద ఎర్ర గీతలో ఇరుక్కున్న దయ్యం బొమ్మ చూసి 1984 నాటి ఘోస్ట్‌బస్టర్స్ కొనుక్కొచ్చాడు. తీసుకెళ్ళినవాళ్ళంతా మర్నాడే తెచ్చి కౌంటర్ మీద పడేసేవాళ్ళు. "దయ్యం సినిమా అని ఇచ్చి నగిస్తావా? లెక్క వాపసియ్యి" అని ఒకాయన పెద్ద పంచాయితీయే పెట్టాడు (మా దగ్గర లెక్క అంటే డబ్బు). గిరాకీ లేని క్యాసెట్టు కాబట్టి అది ఇంటికొచ్చేసింది. మాకు అదే దసరా.

ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి మామ వాళ్ళింట్లో అందరం కూర్చుని చూస్తున్నాం. మామకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. కానీ షాపు నడిపేవాడు కదా, ఆ సినిమాలో అతనికి కావలసింది అర్థమయ్యేది, అదే మాకూ చెప్పేవాడు. మొదట్లోనే న్యూయార్క్ పెద్ద లైబ్రరీలో కార్డుల డ్రాయర్లు వాటంతటవే తెరుచుకుని కార్డులు గాల్లోకి చిమ్ముతాయి. తర్వాత పుస్తకం చదువుకుంటున్న ముసలామె దయ్యం ఒక్కసారిగా మొహం మార్చి మీదికొస్తుంది. మా అవ్వ "పిల్లోళ్ళకు గాలి సోకుతాది, ఆపు రా దాన్ని" అని కేకేసింది. మామ ఆపలేదు.

దయ్యాల మీద పరిశోధన చేసే ముగ్గురికి యూనివర్సిటీలో ఉద్యోగం పోతుంది. డబ్బు తీసుకుని దయ్యాలు పట్టే షాపు పెడతారు. అందుకోసం ఒకడు తాను పుట్టిన ఇల్లు కుదవ పెడతాడు. ఇంకొకడు లెక్క వేసి, మొదటి ఐదేళ్ళకు వడ్డీయే 95,000 డాలర్లవుతుందని చల్లగా చెప్తాడు. మామ ఇది చెప్పగానే మంచంలో పడుకున్న అవ్వ లేచి కూర్చుంది. అవ్వ బర్రెల్ని సాకి పాతబస్తీలో హోటళ్ళకు పాలు పోసేది. వడ్డీ అన్న మాట వింటే ఆమెకు నిద్ర పట్టదు.

తర్వాత హోటల్ సీను. పెద్ద హోటల్లో ఆకుపచ్చ దయ్యం ఒకటి తిరుగుతూ కనపడిందల్లా తింటుంటుంది. వీళ్ళు పోయి, పెళ్ళిళ్ళు చేసే హాలంతా ధ్వంసం చేసి, షాండ్లియర్ కింద పడేసి, చివరికి దయ్యాన్ని డబ్బాలో పట్టి, పొగలు కక్కుతున్న ఆ డబ్బాను పట్టుకుని బయటికొస్తారు. ముగ్గురిలో ఒకడైన బిల్ మర్రీ వెంటనే బిల్లు చెప్తాడు: పట్టినందుకు 4,000 డాలర్లు, దాచిపెట్టే ఖర్చు ఇంకో 1,000, అదీ ఈ వారం స్పెషల్ రేటట. మేనేజరు నేనివ్వను అంటాడు.

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

చీకట్లో విసనకర్రలు ఊపుకుంటూ ఎవరూ లేచి పోలేదు. వాడు డబ్బులిస్తాడా ఇవ్వడా అన్నది తేలాలి. పక్కింటి టైలరు, సగమిచ్చి పంపిస్తాడు అన్నాడు. మా అత్త, పగలగొట్టిన సామాన్లకు పట్టుకుని మిగిలింది ఇవ్వాల, అదే న్యాయం అంది. మామకు తెలుసు, కానీ నోరు విప్పలేదు, బీడీ కాలుస్తూ నవ్వుకుంటున్నాడు. అవ్వ మాత్రం కోపంగా ఉంది. "హోటలోళ్ళంతా ఇంతే. పాలు పోయించుకునేటప్పుడు అమ్మా అంటారు, లెక్క అడిగితే రేపు రా అంటారు. నేనైతే ఆ దయ్యాన్ని మళ్ళా ఆడ్నే ఇడిసిపెట్టి వస్తా" అంది.

కరెంటు వచ్చింది. వీసీపీ మళ్ళీ ఆన్ చేశారు. తెర మీద బిల్ మర్రీ అచ్చంగా ఆ మాటే అన్నాడు: పర్లేదు సార్, తీసుకెళ్ళి మళ్ళీ లోపలే వదిలేస్తాం. మామ తెలుగులో చెప్పగానే ఇల్లంతా గొల్లుమంది. మేనేజరు నోరు మూసుకుని ఒప్పుకున్నాడు. అవ్వ కోసం మామ టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. "నేను చెప్తి గదా" అని ఆమె మళ్ళీ పడుకుంది. న్యూయార్క్ ఎక్కడుందో ఆమెకు తెలీదు. ఆ సినిమా ఆమెకు అర్థమైనంతగా అమెరికాలో ఎంతమందికి అర్థమైందో నాకు అనుమానమే.

(ఆ క్యాసెట్టు ఇప్పుడు లేదు. షాపు మూసేశాక మామ అన్నీ గోతాముల్లో కట్టి పెట్టుకున్నాడు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు గోతాములన్నీ బురదైపోయాయి. నష్టపరిహారానికి రాసుకోవడానికి వచ్చినాయన క్యాసెట్లను లెక్కలోకి తీసుకోనన్నాడు. దాని మీద నాకున్న కోపం ఇంకో చోట చూపిస్తాను.)

ఇప్పుడు అర్థమైందా బేరం అంటే? పాత ఘోస్ట్‌బస్టర్స్ అప్పు చేసి షాపు తెరిచినవాళ్ళ కథ. అందులో దయ్యాలు సరుకు. ఆ ముగ్గురిలో ఒకడిగా నటించిన డాన్ ఐక్రాయిడ్ మొదట రాసుకున్నది భవిష్యత్తులో, వేరే లోకాల్లో తిరిగే పెద్ద కథ. దర్శకుడు ఐవన్ రైట్‌మన్ దాన్ని అప్పటి న్యూయార్క్‌కు దించి, కొత్తగా వ్యాపారం పెట్టే కథగా మార్పించాడు. ఐక్రాయిడ్, మూడోవాడిగా నటించిన హెరాల్డ్ రామిస్ కూర్చుని అలా తిరగరాశారు. అందుకే అందులో ప్రతి సీనూ డబ్బు చుట్టూ, ఉద్యోగం చుట్టూ తిరుగుతుంది. రిసెప్షనిస్టు ఫోనెత్తి ఏం కావాలి అని కసురుతుంది, మన ఆఫీసుల్లో కౌంటర్ దగ్గర వినపడే గొంతే అది. నాలుగోవాడు ఎర్నీ హడ్సన్ ఉద్యోగానికొస్తే ఆమె దయ్యాలను నమ్ముతావా, అట్లాంటిస్‌ను నమ్ముతావా అని చాంతాడంత జాబితా చదువుతుంది. జీతం సరిగ్గా ఇస్తే మీరేం చెప్పినా నమ్ముతా అంటాడు. చివరికి ఊరంతా అతలాకుతలం కావడానికి కారణం కూడా దయ్యాలు కాదు, పర్యావరణ శాఖ ఆఫీసరు. మర్యాదగా మాట్లాడలేదని కక్షగట్టి, పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి కరెంటు ఆపేయిస్తాడు. పట్టి దాచిన దయ్యాలన్నీ బయటికి పోతాయి. కరెంటు తీసేయడం వల్ల జరిగే అనర్థం గురించి రాయలసీమలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

మన యముడి సినిమాలూ అంతే, ఎవరైనా ఒప్పుకోకపోయినా సరే. యమగోల (1977)లో ఎన్టీఆర్ పైకి పోయి ఏం చేశాడు? యమభటుల చేత సమ్మె చేయించాడు. యమలీల (1994)లో యముడు, చిత్రగుప్తుడు ఆఫీసు పుస్తకం పోగొట్టుకుని, అది దొరికేదాకా పైకి పోలేక భూమ్మీద తిప్పలు పడతారు. రెండింటిలోనూ యముడు కైకాల సత్యనారాయణే. ఆయన నవ్వించాలని ఒక్కసారి కూడా ప్రయత్నించడు. కిరీటం పెట్టుకుని, కళ్ళెర్రజేసి, నిజంగా యముడిలాగే ఉంటాడు. ఆయన ఉద్యోగ కష్టాలు చూసి మనం నవ్వుతాం. ఇరవై ఏళ్ళ తర్వాత అదే దర్శకుడు ఎస్.వి. కృష్ణారెడ్డి యమలీల 2 తీస్తే, మోహన్‌బాబు యముడైనా నాకు నవ్వు రాలేదు.

2016 సినిమాకు నేను మామను వెంటబెట్టుకునే పోయాను, హైదరాబాదు మాల్‌లో. కర్నూలుకు ఇంగ్లిష్ సినిమా వస్తే మధ్యాహ్నం ఆటొకటి వేసి తీసేస్తారు కాబట్టి అదొక ఖర్చు. పాప్‌కార్న్ ధర చూసి మామ, ఈ రేటుకు నేను నెలంతా క్యాసెట్లిచ్చేవాడిని అన్నాడు. ఇంటర్వెల్‌లో ఒకటే అడిగాడు: "ఇంతకీ ఈ ఆడపిల్లలకు లెక్క ఎవరిస్తున్నారు రా?"

నిజంగానే ఎవరూ ఇవ్వరు. ఫైర్ స్టేషన్ అద్దెకు చూస్తే నెలకు 21,000 డాలర్లంటారు, అక్కడ నాకు ఆశ పుట్టింది. వెంటనే వదిలేసి చైనా హోటల్ మీది గదిలో చేరిపోతారు, డబ్బు సంగతి దాదాపు అక్కడితో సరి. గిరాకీతో బిల్లు దగ్గర గొడవపడే సీను ఒక్కటి లేదు. ఆఖర్లో మేయరు ఆఫీసు వాళ్ళే గుట్టుగా ఖర్చులు పెట్టుకుంటామంటారు. సర్కారు సొమ్ముతో దయ్యాలు పట్టేవాళ్ళకు టెన్షన్ ఏముంటుంది? వాళ్ళకు లేకపోతే మనకేముంటుంది?

ఆ ఖాళీని మాటలతో నింపారు. ప్రతి ఒక్కరూ జోకేస్తారు, పక్కవాళ్ళు దాని మీద ఇంకోటేస్తారు, దయ్యం పాపం ఎదురుగా నిలబడి వీళ్ళు ముగించేదాకా చూస్తుంటుంది. క్రిస్ హెమ్స్‌వర్త్ రిసెప్షనిస్టు. కళ్ళద్దాలు మురికవుతున్నాయని అద్దాలు పీకేసి ఫ్రేము ఒక్కటే పెట్టుకుంటాడు. అది బాగానే నవ్వించింది. కానీ అంత మొద్దువాడిని ఏ షాపువాళ్ళు జీతమిచ్చి పెట్టుకుంటారు? అందంగా ఉన్నాడని పెట్టుకున్నారట. అవ్వ ఉంటే ఒప్పుకునేది కాదు. నలుగురు ఆడవాళ్ళలో కేట్ మెకినన్ ఒక్కతే ఆ దయ్యాలు పట్టే పనిముట్లతో నిజంగా రోజూ పనిచేసేదానిలా కనిపించింది. దర్శకుడు పాల్ ఫీగ్ ఆమె వెనకే కెమెరా పెట్టుకుని తిరిగినా సినిమా బతికేది. పాత సినిమా నటులేమో పెళ్ళి వీడియోలో బంధువుల్లా ఒక్కొక్కరే వచ్చి మొహం చూపించి పోతారు. బిల్ మర్రీనైతే దయ్యాలను నమ్మని పెద్దమనిషిగా తెచ్చి, కిటికీలోంచి తోసేశారు. 14 కోట్ల 40 లక్షల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి దాదాపు 23 కోట్లు వచ్చాయి. థియేటర్ల వాటా, పబ్లిసిటీ ఖర్చు పోతే మిగిలేది నష్టమే.

ఆ లోగో, ఆ పాట, ఆ తెల్ల కారు, ఆ ఆకుపచ్చ దయ్యం, అన్నీ తెచ్చుకున్నారు. అవి ఉంటే పాత సినిమా వచ్చేస్తుందనుకున్నారు. ఈ జబ్బు హాలీవుడ్‌ది మాత్రమే కాదు. సమరసింహారెడ్డి (1999), ఒక్కడు (2003) ఆడినప్పటి నుంచి మన సినిమా వాళ్ళకు మా ఊరంటే బురుజు, నాలుగు సుమోలు, తెల్ల చొక్కాలు. ఇవి పెట్టి, విలన్ చేత యాస మాట్లాడిస్తే రాయలసీమ అయిపోయిందనుకుంటారు. హైదరాబాదులో ఇప్పటికీ నాది కర్నూలని చెప్తే, ఇంట్లో బాంబులుంటాయా అని నవ్వుతూ అడుగుతారు. మా ఇంట్లో బర్రెలుండేవి, వడ్డీ లెక్కలుండేవి. వాటి మీద ఎవరూ సినిమా తీయరు.

2021లో వచ్చిన ఘోస్ట్‌బస్టర్స్: ఆఫ్టర్‌లైఫ్ సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. రైట్‌మన్ కొడుకు జేసన్ తీశాడు. కథను ఓక్లహోమా పల్లెకు తీసుకెళ్ళి, 2014లో చనిపోయిన హెరాల్డ్ రామిస్‌ను కంప్యూటర్‌తో తెర మీదికి తెచ్చి అందరినీ ఏడిపించారు. చాలామంది బాగుందన్నారు. దయ్యాల కామెడీకి పోయి కళ్ళు తుడుచుకుంటూ బయటికి రావడం నాకు గిట్టదు. దానికి వేరే ప్రశ్న వేయండి, వేరేగా తిడతాను.