ఘాట్‌లో అందరికన్నా వెనక మిగిలిపోతే?

సైకిల్ మీద దూరప్రయాణాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రోజూ బీచ్ రోడ్డులో తొక్కే మామూలు గేర్ సైకిల్ నాది. దాని మీదే టెంట్ కట్టుకుని దూరం వెళ్లొచ్చా? కొత్తది కొనాల్సిందేనా? (పాఠకుడు, సీతమ్మధార)

జవాబు: కొనకండి. ముందు దానికి గట్టి క్యారియర్ బిగించండి. సామాను వీపు మీద మోయకూడదు, సైకిలే మోయాలి. బరువైనవి చక్రానికి రెండు పక్కలా కిందికి ఉంటే బండి తూలదు. ఆ బరువుతోనే ఒక ఆదివారం ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లి రండి. మర్నాడు పొద్దున మోకాలి ముందు భాగం నొప్పెడితే సీటు మరీ కిందికి ఉందేమో చూసుకోండి. చాలామందికి అదే కారణం. సైకిల్‌ని తిట్టుకోవడం ఆ తర్వాత.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ నుంచి ఎనిమిది మంది డిసెంబరులో సైకిళ్ల మీద, టెంట్లు పట్టుకుని అరకు వెళ్తున్నారు. నన్నూ రమ్మంటున్నారు. నాకు 45 ఏళ్లు. అందరిలోకీ నేనే నెమ్మది. నా కోసం అందరూ ఆగాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్పగలరా? (పాఠకురాలు, గాజువాక)

జవాబు: ఆ దారిలో మొదటిసారి వెళ్లినప్పుడు నాకు 46. ఏడుగురిలో ఏడోదాన్ని. కాబట్టి సలహాలకన్నా ఆ రోజు జరిగిందే చెప్తాను.

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. మేం రెండు రోజులు పెట్టుకున్నాం. మొదటి రోజు పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా. లారీలను తప్పించుకోవడం తప్ప అందులో చెప్పుకోవడానికేమీ లేదు. మీరడుగుతున్నది రెండో రోజు గురించి.

నవంబరు నెల. నాలుగున్నరకు లేచి చూస్తే నా దుప్పటి పైభాగం తడిసి ఉంది. మంచు లోపలికి ఎలా వచ్చిందా అనుకున్నాను. అది మంచు కాదట, నా ఊపిరేనట! చలికి భయపడి టెంట్ జిప్పులన్నీ బిగించేసి పడుకుంటే రాత్రంతా మనం వదిలిన ఆవిరి గుడ్డకు పట్టి, నీళ్లయి మన మీదే పడుతుంది. పైనున్న చిన్న కిటికీ తెరిచి ఉంచాలి. అరకులో డిసెంబరు రాత్రులు పది డిగ్రీల లోపుకి కూడా పోతాయి. అయినా సరే, తెరిచే ఉంచండి. ఇంకో స్వెట్టర్ వేసుకోండి.

ఇడ్లీలు తిని బయల్దేరాం. బొడ్డవర దాటేదాకా కబుర్లే కబుర్లు. ఘాట్ మొదలయ్యాక రెండో మలుపుకే ముందువాళ్ల మాటలు వినపడటం మానేశాయి. నా మీటరు ఆరు చూపిస్తోంది, అంటే గంటకు ఆరు కిలోమీటర్లు. అంతకన్నా తగ్గితే హ్యాండిల్ అటూ ఇటూ ఊగిపోతుంది. వెనకాల 12 కిలోల సామాను. కాసేపటికి దిగి నెట్టుకుంటూ నడిచాను. రోడ్డు పక్కన సీతాఫలాలు పెట్టుక్కూర్చున్న ఒకావిడ నన్నే చూస్తూ, "ఏటమ్మా, సైకిలుండి నడుసుకుని ఎల్తన్నావేటి?" అంది. నవ్వొచ్చింది, కొంచెం ఏడుపూ వచ్చింది. రెండు కాయలు కొని అక్కడే నిలబడి తిన్నాను. అవి తిన్నాక నాలుగు మలుపులు తొక్కగలిగాను.

మా ఏడుగురు కాక నా వెనక ఇంకొకరున్నారు, రిటైరైన ఒక మాస్టారు. గుంపులో అందరికన్నా చివర రావలసిన మనిషిని సైక్లిస్టులు స్వీప్ అంటారు. ఎవరినీ ఒంటరిగా వదలకపోవడమే ఆయన పని. నేను ఆగినప్పుడల్లా ఆయన కూడా దిగి, సైకిల్ చైన్ వంక చూసి, "దీంతో వేగలేకపోతున్నానమ్మా" అని ఏదో సవరించేవారు. ఆ చైన్‌కి ఏ రోగమూ లేదని నాకు మూడోసారికి అర్థమైంది. మీవాళ్లను మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: స్వీప్ ఎవరు? 'అందరం కలిసే తొక్కుతాం కదా' అన్నారంటే స్వీప్ లేనట్టే. ఘాట్‌లో ఎవరూ కలిసి తొక్కలేరు.

అనంతగిరి దగ్గర కాఫీ తోటలు మొదలవుతాయి. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. కారులో నాలుగైదు సార్లు వెళ్లినా ఆ తీగలు నా కంట పడలేదు. ఆగి నీళ్లు తాగుదామనుకుంటే కోతులు సంచి వైపు చూస్తున్నాయి. అరటిపళ్లు పైకి కనపడేలా కట్టకండి.

గాలికొండ దాటాక దిగుడు వస్తుంది. ఎక్కేటప్పటికన్నా నాకు అక్కడే భయమేసింది. బ్రేకు అదేపనిగా పట్టుకోకూడదు, రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలిపోవచ్చు. పట్టి వదలాలి, మళ్లీ పట్టాలి, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. "అక్కా, ఎక్కడున్నారు?" వాళ్లు మూడింటికే చేరిపోయారు. ఇంకేముంది, అనుకున్నంతా అయిందని, "వచ్చేస్తున్నానమ్మా, సారీ" అన్నాను. "సారీ కాదక్కా, టెంట్ కడ్డీలన్నీ మీ దగ్గరే ఉన్నాయి!"

పొద్దున సామాను పంచుకున్నప్పుడు టెంట్ గుడ్డలు వాళ్లు తీసుకున్నారు. కడ్డీలు పొడుగ్గా ఉన్నాయని మూడు టెంట్లవీ కలిపి నా క్యారియర్‌కి కట్టేశారు. వాళ్లు గుడ్డలు పరుచుకుని గంటన్నరగా కూర్చున్నారట. ఆ రోజుల్లో ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. నేను వెళ్లేసరికి ఒక లాడ్జి పెరట్లో (అడిగి అనుమతి తీసుకున్న చోటే, అడవిలో ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయకూడదు) ఆరుగురూ లేచి నిలబడి నాకు ఎదురొచ్చారు. అంత మర్యాద నాకు మా అత్తారింట్లో కూడా జరగలేదు.

అందుకని మీరు ధైర్యంగా వెళ్లండి. సామాను పంచుకునేటప్పుడు ముందే చెయ్యి చాపి టీ స్టవ్వో, టెంట్ కడ్డీలో అడిగి పుచ్చుకోండి. పంక్చర్ కిట్ మాత్రం ఒక్కటే ఉంటే చాలదు. ముందువాళ్ల దగ్గర ఒకటి, మీ స్వీప్ దగ్గర ఒకటి ఉండాలి. వెనక ఎర్ర లైటు కూడా పెట్టించుకోండి, మీరు చేరేసరికి చీకటి పడొచ్చు.