కబడ్డీ కోర్టులో గడ్డి మొలిచిన రోజులు

కరోనా కాలంలో బడులు అన్నాళ్లు మూయడం, ఆటల పోటీలు ఆపేయడం, పిల్లలకు టీకా వేయించమని ఒత్తిడి చేయడం సరైనవేనా అని అడిగారు. నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఈ మూడింటినీ దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను.

2020 మార్చిలో బడులు మూసినప్పుడు నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ జబ్బు ఎలా పాకుతుందో, ఎవరిని తీసుకుపోతుందో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం ఎలా పరుగులు పెట్టారో మా మండలంలోనే చూశాను. నాతో కలిసి పనిచేసిన ఇద్దరు ఉపాధ్యాయులు ఆ రోజుల్లోనే పోయారు. అప్పటి మూసివేతను ఈ రోజుకూ తప్పుపట్టను.

నా బాధంతా మిగతా నెలల గురించి. 2020 డిసెంబరు 1న హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఎన్నికలు జరిగాయి. ప్రచారంలో జనం భుజాలు రాసుకుంటూ తిరిగారు. సినిమా హాళ్లకూ సగం సీట్లతో అనుమతి వచ్చింది. మా బడికి మాత్రం తొమ్మిది, పది తరగతుల పిల్లలు రావడానికి 2021 ఫిబ్రవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. రెండు నెలలైనా నిండకముందే, మార్చి 24 నుంచి మళ్లీ మూత. ఏప్రిల్ 9న ఐపీఎల్ మొదలైంది. మా కబడ్డీ జట్టులోని అమ్మాయి వాళ్ల నాన్న ఫోను నుంచి చేసి, "సార్, వాళ్లు ఆడుతున్నారు కదా, మనం ఎందుకు ఆడకూడదు?" అని అడిగింది. వాళ్లు బయటివాళ్లను కలవకుండా బయో బబుల్‌లో ఉంటారమ్మా, తరచూ పరీక్షలు చేస్తారు అని సర్దిచెప్పాను. మే 4న ఆ బబుల్‌లోకీ వైరస్ వెళ్లి ఐపీఎల్ ఆగిపోయింది. నేను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ పిల్ల అడిగింది స్టేడియం కాదు, బడి వెనక ఉన్న మట్టి కోర్టు.

కబడ్డీ ఒకరినొకరు పట్టుకుని ఆడే ఆట, అప్పట్లో వద్దనడంలో అర్థముంది. పరుగు, లాంగ్ జంప్, తాడాటకు ఏమైంది? నాలుగు గోడల మధ్య ఉన్న సినిమా హాలు తెరుచుకుని, ఆకాశం కింద ఉన్న మైదానానికి తాళం పడటం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. పాఠాలకైతే టీవీలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లు ఉన్నాయి. ఆటకు ఏమీ లేదు.

2021 సెప్టెంబరు 1న బడి తెరిచాక మొదటి పని కోర్టులో గడ్డి పీకడం. పన్నెండు మంది అమ్మాయిల జట్టులో ఏడుగురే వచ్చారు. ఒక పిల్లకు పెళ్లి చేసేశారు. మాకు తెలిసేసరికి అత్తగారి ఊరు చేరింది. ఫోను చేసిన అమ్మాయి మా జట్టులో మంచి రైడర్. ఎనిమిదో తరగతిలో ఉండగా ముప్పై సెకన్ల రైడ్ అంతా గొంతు తగ్గకుండా కూత పెట్టేది. ఆ రోజు గీత దాటి నాలుగు అడుగులు వేసిందో లేదో కూత తెగిపోయింది. మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగిపోయింది. ఆ చేతుల నిండా పత్తి కాయల ముళ్లు గీరిన గీతలు. రెండు సీజన్లు కూలికి వెళ్లిందట.

ఇక టీకా సంగతి. 2022 జనవరి 3 నుంచి పదిహేనేళ్లు నిండిన పిల్లలకు కోవాగ్జిన్ ఇవ్వడం మొదలైంది. అయిదు రోజులకే, అంటే 8వ తేదీ నుంచి, మన దగ్గర బడులు మళ్లీ మూశారు. నెలాఖరు దాకా తెరవలేదు. బడి ఉంటే ఒక్క పూటలో అయిపోయే పనికి అడ్మిషన్ రిజిస్టర్‌లోంచి పుట్టిన తేదీలు రాసుకుని, ఆశా కార్యకర్తతో కలిసి వాడవాడా తిరిగాను. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతి సెలవుల తర్వాత బడులు నడిచాయి. మన దగ్గర అప్పుడు మూయడం పొరపాటని నా గట్టి అభిప్రాయం.

ఆ రైడర్ వాళ్ల నాయనమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది. "పెళ్లి కావలసిన పిల్ల సారూ, ఈ సూదితో రేపు కడుపు పండకపోతే ఎవరు జవాబు చెబుతారు?" అంది. ఆమెను కసురుకోవడానికి నాకు మనసు రాలేదు. మనవరాలి మీద ప్రేమతోనే అడిగింది. అలా జరుగుతుందనేది పుకారేనమ్మా, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, చెయ్యి నొప్పి పెట్టవచ్చు అని చెప్పి, మా అమ్మాయికి మొదటి రోజే వేయించినట్టు ఫోనులో వచ్చిన సందేశం చూపించాను. ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసి, "నీ బిడ్డకే వేయించావా?" అని మళ్లీ అడిగింది. మూడో రోజు తనే పిల్లను వెంటబెట్టుకుని ఆరోగ్య ఉపకేంద్రానికి వచ్చింది.

టీకా వేయించుకోకపోతే బడికి రానివ్వం అని కొన్నిచోట్ల బెదిరించారని విన్నాను. నేను ఆ మాట ఒక్కరితోనూ అనలేదు. టీకా మంచిదని నూటికి నూరుపాళ్లు నమ్ముతాను, అయినా అనలేదు. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని 2022 మే 2న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. టీకా విధానాన్ని మాత్రం తప్పుపట్టలేదు. భయపెట్టి వేయిస్తే ఆ ముసలామె రెండో డోసుకు తలుపు తీసేది కాదు.

మా పిల్లలకు ఆ రెండేళ్లూ స్కూల్ గేమ్స్ లేవు. అండర్ 17లో ఆడాల్సిన వయసంతా అలాగే గడిచిపోయింది. పోటీలు మళ్లీ మొదలయ్యేనాటికి ఆ అమ్మాయి ఇంటర్‌లో చేరింది. మూడంతస్తుల భవనం, మైదానం లేని కాలేజీ. క్రీడా కోటాకు పనికొచ్చే ధ్రువపత్రం ఒక్కటి కూడా ఆమె చేతిలో లేదు.

అందుకే మళ్లీ అలాంటి జబ్బు వస్తే నేను అడిగేది ఇది. మూయక తప్పకపోతే మూయండి, కానీ తెరిచేటప్పుడు అన్నిటికంటే ముందు బడి మైదానం తెరవండి. పోటీలు ఎన్నేళ్లు ఆగితే వయసు పరిమితిని అన్నేళ్లు సడలించండి.