పేట చెరువులోకి పట్నం మురుగు: ఎవర్ని నిలదీయాలి?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక ఊరికి ఆనుకుని ఉన్న ఎస్సీ పేట. నూరు గడపలకు పైనే ఉంటాం. పంట కాలువ నుంచి తూము ద్వారా మా మంచినీళ్ల చెరువు నింపుకుంటాం. 2022 జూన్‌లో పక్క పట్నం మునిసిపాలిటీ వాళ్లు మురుగు పైపు తెచ్చి, మా తూముకి కాస్త ఎగువన ఆ కాలువలోకే వదిలారు. ముందు అవతలి డ్రెయిన్‌లో కలపాలనుకున్నారట. అక్కడి వాళ్లు అడ్డుపడితే మా వైపు తిప్పారని అందరూ చెప్పుకుంటారు. మునిసిపాలిటీని అడిగితే కాలువ ఇరిగేషన్ వాళ్లది అంటారు. ఇరిగేషన్ వాళ్లు మురుగు మాది కాదంటారు. పంచాయతీ వాళ్లు పైపు మా హద్దులో లేదంటారు. పిల్లలకి విరేచనాలు, ఒళ్లంతా దద్దుర్లు. చెన్నైలో గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే లక్షలవుతాయని ఒకరు, గడువు ఎప్పుడో అయిపోయిందని ఇంకొకరు, సగం ఇళ్లు పోరంబోకులో ఉన్నాయి కాబట్టి కేసే నిలవదని మరొకరు అంటున్నారు. మాకు దారేమిటి?
– డ్వాక్రా సంఘం లీడరు, కోనసీమ

జవాబు: అమ్మా, గడువు అయిపోయిందన్న మాట వినగానే మీవాళ్లు సగం మంది చల్లబడిపోయి ఉంటారు. అందుకే ముందు దాన్ని తేల్చేద్దాం. ఆ చెప్పినాయన సగమే చెప్పారు. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ (మీరన్న గ్రీన్ ట్రిబ్యునల్ ఇదే) చట్టంలో 14వ సెక్షన్ కింద వివాదం తేల్చమని వెళ్తే, కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లోపు వెళ్లాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. ‘మొదట’ అన్న మాట చట్టంలోనే ఉంది. మురుగు రోజూ వస్తోంది కాబట్టి గడువు కూడా రోజూ కొత్తగా మొదలవుతుందని వాదించొచ్చు గానీ, ఆ ఒక్క వాదన మీద మీ చెరువుని వదిలేయమని నేను చెప్పను.

15వ సెక్షన్ సంగతి వేరు. కాలుష్యం వల్ల నష్టపోయినవాళ్లకి పరిహారం ఇప్పించడం, పాడైన చెరువునీ కాలువనీ తిరిగి బాగుచేయించడం దాని కిందికి వస్తాయి. దానికి గడువు 5 ఏళ్లు, ఆపైన సరైన కారణం ఉంటే మరో 60 రోజులు. పైపు తెరిచింది 2022 జూన్‌లో అయితే 2027 జూన్ లోపు మీ దరఖాస్తు పడాలి. పైపు తెరిచిన తేదీని ఊరివాళ్ల జ్ఞాపకానికి వదిలేయకండి. మునిసిపాలిటీ పనుల రికార్డులోంచే తీయించాలి. ఎలాగో కింద చెబుతాను.

ఇక మూడు ఆఫీసుల మధ్య మిమ్మల్ని తిప్పుతున్న సంగతి. కాలువ ఎవరిది, గట్టు ఎవరిది అన్నది మీరు తేల్చాల్సిన లెక్క కాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం అడిగేది ఒక్కటే: మురుగు వదిలింది ఎవరు, ఎవరి అనుమతితో వదిలారు? ఆ చట్టంలో నదులతో పాటు మనుషులు తవ్విన కాలువలు కూడా ఉన్నాయి, కాబట్టి మన పంట కాలువకీ అది వర్తిస్తుంది. 25వ సెక్షన్ ప్రకారం కొత్తగా మురుగు వదలాలన్నా, కొత్త పైపు తెరవాలన్నా కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు అనుమతి ఉండాలి. మునిసిపాలిటీ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. ఆ అనుమతుల రిజిస్టరు మండలి దగ్గర ఉంటుంది. పైపు వల్ల ఇబ్బంది పడుతున్న వాళ్లెవరైనా వెళ్లి అందులో ఆ పైపు వివరాలు చూసుకోవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు. మీ సంఘం నుంచి ఇద్దరు వెళ్లి ఆ పేజీ చూడండి. అనుమతే లేదని తేలితే మీ కేసు సగం అక్కడే నిలబడినట్టు.

అయినా మొదటి అర్జీ ట్రిబ్యునల్‌కి పెట్టమనను. మీ ఆర్డీవో గారికి పెట్టమంటాను. పాత నేర విచారణ చట్టంలో 133వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 152వ సెక్షన్ అయింది. ప్రజలకి ఇబ్బంది కలిగించే దాన్ని ఫలానా గడువులోగా తొలగించమని, లేదంటే వచ్చి కారణం చెప్పమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్డీవో ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వుని సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి లేదు. అవతలివాళ్లు వచ్చి కాదంటే జరిగే విచారణని 90 రోజుల్లో ముగించాలి, కారణాలు రాసి 120 రోజుల దాకా పొడిగించొచ్చు. విచారణ తేలేలోపే ప్రమాదం ముంచుకొచ్చేలా ఉంటే 161వ సెక్షన్ కింద వెంటనే ఆపమని కూడా ఆదేశించొచ్చు. మీ అర్జీలో ఈ రెండు సెక్షన్లూ రాయండి.

నిధులు లేవని మునిసిపాలిటీ తప్పకుండా అంటుంది. ఆ జవాబుకి 1980లోనే సుప్రీంకోర్టు తలుపు మూసేసింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్నంలో ఒక వీధివాళ్లు మురుగు కాలువల కంపు భరించలేక ఇదే 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గరకి వెళ్లారు. మా దగ్గర డబ్బు లేదని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోట్లాడింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పు రాశారు. ప్రజారోగ్యం కాపాడటం కోసమే పుట్టిన సంస్థ, పైసలు లేవని ఆ బాధ్యత నుంచి తప్పించుకోలేదన్నది దాని సారం. వకీలు వృత్తిలో ఇన్నేళ్లుగా నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చిన తీర్పుల్లో అదొకటి. దాని నకలు మీ అర్జీకి జతచేయండి. కొత్త పైపులూ కాలుష్యమూ ఉన్నచోట 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఇంకో తీర్పు కూడా పనికొస్తుంది. మురుగు శుద్ధి కేంద్రాలు మూడేళ్లలో కట్టి తీరాలని స్థానిక సంస్థలకి అందులో గడువు పెట్టింది. ఆ మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి.

అర్జీ ఎప్పుడు పెట్టాలన్నది డెల్టాలో చాలా పెద్ద విషయం. వేసవిలో కాలువలు కట్టేస్తారని మీకు నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి నీళ్లు పారుతున్నన్నాళ్లూ మురుగు ఆ పారుదలలో కలిసి కిందికి పోతుంది, చూసేవాళ్లకి అంతగా తెలియదు. కట్టేశాక పైపు కింద పడిన మురుగు పడినచోటే నిలబడుతుంది. కట్టేసేముందు మీ చెరువు నింపుకునే ఆ చివరి విడత నీళ్లే మీరు జూన్ దాకా తాగాలి. కాబట్టి అర్జీ దాళ్వా (రబీ వరి) నాట్లు అయ్యేసరికల్లా ఆర్డీవో బల్ల మీద ఉండాలి. ఏప్రిల్లో పెడితే 90 రోజుల లెక్క మీ పిల్లలు ఆ నీళ్లు తాగేశాక పూర్తవుతుంది. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక ప్రతి ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. చెరువు బాగుపడే దాకా ట్యాంకర్‌తో మంచినీళ్లు ఇప్పించమని అందులో విడిగా అడగండి.

సాక్ష్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చాలా పేటలు ఇక్కడే ఓడిపోవడం చూశాను. కొన్నేళ్ల కిందట డెల్టాలోనే ఇలాంటి ఒక పేటకి వెళ్లాను. కాలువలు కట్టేసి నాలుగు రోజులైంది. ప్రతి కుళాయి మూతికీ పాత చీర గుడ్డ నాలుగు మడతలు వేసి దారంతో బిగించి ఉంది. ఒక పెద్దావిడ గుడ్డ విప్పి లోపలి మడత నా చేతిలో పెట్టింది. బూడిద రంగు జిగురు, దాని వాసన సాయంత్రం దాకా నా వేళ్లని వదల్లేదు. రెండేళ్లుగా వాళ్లిచ్చిన అర్జీలన్నీ చూశాను. అన్నింట్లోనూ ‘దుర్వాసన వస్తోంది, దయచేసి చర్య తీసుకోగలరు’ అనే ఉంది. ఆ మాట చదివి కదిలే ఫైలు లేదు. ఆ రోజు పరీక్ష సీసాలో కుళాయి నీళ్లు పట్టి, మూత బిగించి, పట్టిన గంట రాసి ఒక ఇంట్లో పెట్టాం. మర్నాటికి సీసా నల్లగా మారింది. మలం కలిసిన నీళ్లయితే ఆ సీసా అలా నల్లబడుతుంది. ఆ సీసాలు మూడు తీసుకెళ్లి పెట్టాకే అక్కడి అధికారి కుర్చీలోంచి లేచి పేటకి వచ్చారు.

మీరూ ఆ సీసాలు పంచాయతీ దగ్గరో గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల దగ్గరో అడిగి తెచ్చుకోండి. తూముకి ఎగువన ఒకటి, పైపు నోటి దగ్గర ఒకటి, చెరువులో ఒకటి, కుళాయిలో ఒకటి పట్టండి. ఆ విభాగం ల్యాబ్‌లోనూ పరీక్ష చేయించండి. తాగే నీళ్లలో, 100 మిల్లీలీటర్లకి ఒక్క ఈ-కోలి క్రిమి కూడా కనపడకూడదన్నది మన దేశ ప్రమాణం. అయితే నీటి చట్టం కింద కోర్టులో పూర్తిగా నిలిచేది మండలి అధికారి 21వ సెక్షన్ పద్ధతిలో తీసిన నమూనా. అందుకని మీ ల్యాబ్ కాగితం జతచేసి, వచ్చి నమూనా తీయమని మండలికి రాయండి. దాంతోపాటే 49వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇవ్వండి. ఆ గడువు తర్వాత మీరే నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు ఇంటింటికీ ఒక కవర్లో దాచండి. రేపు పరిహారం అడిగేది వాటి మీదే.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతికి వస్తాను. పైపు అవతలికి పోవాల్సింది, వాళ్లు ఒద్దంటే మీ వైపు తిప్పారన్నారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన మాట అదే. అది చెప్పుకునే మాటగా ఉన్నంతకాలం విలువ లేదు. కాగితం మీద దొరికితే కేసు స్వరూపమే మారిపోతుంది. సమాచార హక్కు చట్టం కింద మునిసిపాలిటీని ఇవి అడగండి: ఆ పైపు మొదటి ప్లాను, మార్చిన ప్లాను, రెండింటి ఎస్టిమేట్లు, మార్చడానికి కౌన్సిల్ చేసిన తీర్మానం, పని పూర్తయినట్టు రాసిన కొలతల పుస్తకం పేజీలు. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పైన అన్నానే, పైపు తెరిచిన తేదీ కూడా ఇందులోనే బయటపడుతుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1) కింద, 2015 సవరణ తర్వాత, మీకు సూటిగా తగిలే నిబంధనలు ఉన్నాయి. ఎస్సీలు మామూలుగా వాడుకునే నీటి వనరుని వాడకానికి మునుపటంత పనికిరాకుండా పాడుచేయడం ‘ఎక్స్’ క్లాజు కింద నేరం. అవమానించాలనో బాధపెట్టాలనో వాళ్ల పరిసరాల్లో మలాన్ని, చెత్తని పడేయడం ‘సి’ క్లాజు కింద నేరం. రెండో దాంట్లో ఆ ఉద్దేశం చూపించాలి, మొదటి దాంట్లో ఆ మాట లేదు. ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ సెక్షన్ చెబుతోంది. అయినా నా సలహా, మార్చిన ప్లాను చేతికొచ్చే దాకా పోలీస్ స్టేషన్‌కి వెళ్లకండి. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో, ఎవరు సంతకం పెట్టారో తెలియకుండా పేర్లు రాస్తే కేసు మొదట్లోనే పలచబడుతుంది. మీకు నిజంగా అన్యాయం జరిగి ఉండీ ‘తప్పుడు కేసు’ అన్న మచ్చ మోయాల్సి రావడం నాకు ఇష్టం లేదు.

పోరంబోకు మాటకి జవాబు చిన్నదే. శుభ్రమైన నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ హక్కు ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం ‘ఏ వ్యక్తికైనా’ అంటుంది, పట్టాదారుకని అనదు. కేసు వేశారని ఇళ్ల మీదకి వస్తే, 1905 నాటి ఆక్రమణల చట్టం కింద కూడా ముందు నోటీసు ఇచ్చి, మీ జవాబు వినాలి. నోటీసు వచ్చిన రోజే లాయరుకి చూపించండి.

లక్షలవుతాయన్నది కూడా నిజం కాదు. పరిహారం అడగకపోతే ట్రిబ్యునల్ ఫీజు 1000 రూపాయలు. అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. దరఖాస్తు ఆన్‌లైన్లో వేయొచ్చు. తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి, ఖర్చంతా నిజానికి అక్కడే. అందుకు న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకీ, ఎస్సీలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మీరు రెండు విధాలా అర్హులే. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా సంఘం ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి. అక్కడివాళ్లు మిమ్మల్ని శాశ్వత లోక్ అదాలత్‌కి వెళ్లమని చెప్పొచ్చు. పారిశుద్ధ్యం దాని పరిధిలోదే గానీ, అక్కడ దరఖాస్తు వేశాక అదే వివాదం మీద ఇంకో కోర్టుకి వెళ్లే వీలుండదు. మీకు ఆ దారి నేను చెప్పను.

దరఖాస్తులో మునిసిపాలిటీ, ఇరిగేషన్ శాఖ, పంచాయతీ, కాలుష్య నియంత్రణ మండలి, కలెక్టరు, అందరినీ ప్రతివాదులుగా పెట్టించండి. మురుగునీరు పోయే ఏర్పాటు చూడటం పంచాయతీ రాజ్ చట్టం 45వ సెక్షన్ కింద పంచాయతీ విధి, చెరువు కాపాడాల్సింది కూడా వాళ్లే. ఒకరి మీద ఒకరు చెప్పుకునేదేదో న్యాయమూర్తి ఎదుట చెప్పుకుంటారు.

ఈ వారంలో సమాచార హక్కు దరఖాస్తు పోస్టులో వేయండి. నమూనాలు పట్టేటప్పుడు సీసా మీద తేదీ, గంట, చోటు రాసి, పక్కన ఇద్దరు సంతకం పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు పేట బయటివాళ్లయితే మంచిది, మీ బడి మాస్టారుగారో, కాలువ చూసుకునే ఇరిగేషన్ లస్కరో. లస్కరు రోజూ ఆ గట్టు మీదే నడుస్తాడు, పైపు ఎప్పుడు తెరిచారో అందరికన్నా ముందు చూసింది ఆయనే అయివుంటుంది. అడిగి చూడండి.