ఐరిష్ పురాణాలతో బోర్డు గేమ్: ఓ కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మా,

నువ్వు పంపిన గేమ్ నమూనా అందింది. టేబుల్ మీద అంతా పరిచి చూశాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. రూల్స్ చదివాక మాత్రం ఒక అనుమానం వచ్చింది. కార్డుల మీద ఐరిష్ పురాణ వీరుడు కూ హుల్లిన్ పేరు చెరిపేసి ఏ సూపర్‌హీరో పేరు రాసినా నీ ఆట ఇలాగే నడుస్తుంది కదా? పాచిక వెయ్యడం, జరగడం, కార్డు తియ్యడం, ప్రశ్నకు జవాబు చెప్పడం. "వీరుడు లూ వాళ్ళ తాత ఎవరు?" "బాలర్." రెండు గడులు ముందుకి. పిల్లాడు జవాబు బట్టీ పడతాడు, కథ మాత్రం వాడికి పట్టదు.

మన వైకుంఠపాళి గుర్తు తెచ్చుకో. పాపపుణ్యాల గురించి ఎవరూ పాఠం చెప్పరు, పాము మింగినవాడికి దానంతటదే తెలుస్తుంది. ఐరిష్ కథల్లో అలా నేరుగా ఆటలోకి దిగిపోయేది ఒకటుంది. గెష్.

గెష్ అంటే ఒక మనిషి మీద ఉండే కట్టడి. ఫలానాది చెయ్యకూడదు, లేదా చేసి తీరాలి. కూ హుల్లిన్ చిన్నప్పటి పేరు సెటాంటా. కుల్లన్ అనే కమ్మరి ఇంటి కాపలాకుక్కను చంపి, దాని బదులు తనే కాపలా కాస్తానన్నాడు. 'కుల్లన్ కుక్క' అన్న పేరు అలా వచ్చింది, కుక్క మాంసం తినకూడదన్న గెష్ కూడా ఉంది. ఇంకో గెష్: దారిలో ఎవరైనా వండుకుంటుంటే ఆగి, వాళ్ళు పెట్టింది తినకుండా పోకూడదు. విడివిడిగా రెండూ తేలికే. చివరి యుద్ధానికి వెళ్తుంటే దారిపక్కన ముగ్గురు ముసలమ్మలు కుక్కను కాలుస్తూ కనిపిస్తారు. తప్పుకుని పోబోతాడు. పెద్ద విందైతే ఆగేవాడివే, పేదల తిండి కదా అని దెప్పుతారు. ఎడంచేత్తో ముక్క అందుకుంటాడు. ఆ చేతిలో సత్తువ పోతుంది.

నీ ఆట ఇక్కడుంది. మొదట్లోనే ఒక్కొక్కరికీ రెండు గెష్ కార్డులు ఇవ్వు, అందరికీ కనిపించేలా తెరిచి. "ఎవరేమిచ్చినా వద్దనకూడదు." "ఎర్ర కార్డు ముట్టుకోకూడదు." ఇక చూడు, పక్కవాడు ఎర్ర కార్డు వెతికి తెచ్చి నవ్వుతూ చేతికందిస్తాడు. గెష్ తప్పినవాణ్ణి ఆటలోంచి తీసెయ్యకు, ఎనిమిదేళ్ళ పిల్లలు అలిగి లేచిపోతారు. ఎడమచెయ్యి తొడకింద పెట్టుకుని మిగతా ఆట ఒంటిచేత్తో ఆడమను. కార్డులు పట్టుకోవాలన్నా, పాచిక వెయ్యాలన్నా తంటాలే! ఆ తర్వాత ముసలమ్మల కథ చదివి వినిపించు, ఎలా వింటారో చూద్దువుగాని.

గెష్‌లను విడివిడిగా రాసుకుంటూ పోకు, జంటలుగా రాయి. మాటిమాటికీ ఢీకొనే జంట విసుగు పుట్టిస్తుంది. అసలు ఢీకొనని జంట ఉన్నట్టే గుర్తుండదు. ఆట మొత్తంలో ఒకటి రెండుసార్లు చాలు. ఇది కాగితం మీద తేలదు, పిల్లలతో ఆడించాల్సిందే.

ఆరేడేళ్ళ వాళ్ళకి గెష్ బరువనుకుంటే రాజుండే టారా కోట గుమ్మం కథ ఉంది. లూ వచ్చి వడ్రంగం వచ్చంటాడు. లోపల వడ్రంగి ఉన్నాడు పొమ్మంటాడు ద్వారపాలకుడు. కమ్మరిని, వీరుణ్ణి, వీణ వాయిస్తాను, వైద్యం చేస్తాను... అన్నిటికీ అదే జవాబు. ఇవన్నీ ఒక్కడికే వచ్చినవాడు లోపలున్నాడా అని అడిగితే నోరు మూతపడుతుంది. ఒక పిల్ల ద్వారపాలకురాలు, లోపల ఎవరెవరున్నారో ఆమె గుర్తుపెట్టుకోవాలి. పది నిమిషాల ఆట, బోర్డు కూడా అక్కర్లేదు.

నీ బోర్డులో దేవతల్లాంటి తూహా డే డానన్ జాతి (డానన్లు) ఆకుపచ్చ జట్టు, వాళ్ళ శత్రువులైన ఫొమోరియన్లు నల్ల జట్టు. ఇది నాకు నచ్చలేదు. లూ డానన్ల వైపు వీరుడు, కాని వాడి తల్లి ఫొమోరియన్ల నాయకుడు బాలర్ కూతురు. ఈ రెండు జాతుల మధ్య జరిగిన మాగ్ తూరెడ్ యుద్ధంలో లూ వడిసెలరాయి విసిరేది సొంత తాత కంట్లోకి. డానన్ల రాజు బ్రెస్ తండ్రి కూడా ఫొమోరియనే. దేవతలూ రాక్షసులూ అని గీత గీసేస్తే కథలో ఉన్న ఇబ్బందంతా పోతుంది, అసలు రుచి ఆ ఇబ్బందిలోనే ఉంది. ఆట మధ్యలో జట్టు మారే చుట్టరికం కార్డులు పెట్టు.

పెట్టె మీద "ప్రాచీన ఫిడ్‌హెల్ ఆట" అని రాశావు, అది తీసెయ్యి. ఫిడ్‌హెల్ పాత ఐరిష్ కథల్లో కనిపించే బోర్డు ఆట, దాని రూల్స్ ఇవాళ ఎవరికీ తెలియవు. 1932లో ఐర్లండ్‌లోని బాలిండెరీలో దొరికిన చెక్క పలకకు ఏడేసి వరసల్లో 49 రంధ్రాలున్నాయి, దాని మీద ఏ ఆట ఆడేవారో కూడా వాదనే. కావాలంటే డానన్లలో ఒకడైన మిదిర్ కథలోని ఎత్తుగడ వాడుకో. రాజుతో ఫిడ్‌హెల్ ఆడి మిదిర్ కావాలనే ఓడతాడు, పందెం బాకీలు తీరుస్తాడు, బురదనేల మీద బాట కూడా వేయిస్తాడు. చివరి ఆట గెలిచి రాజు భార్య ఎటీన్‌ను హంసగా మార్చి ఎగరేసుకుపోతాడు. ఓడితే లాభమొచ్చే చుట్టు ఒకటి ఉంటే పన్నెండేళ్ళ వాళ్ళు వదలరు. లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని కార్లీలో బురదనేల కింద దొరికిన ఓక్ చెక్కల బాట క్రీ.పూ. 148 నాటిది. నువ్వు ఐర్లండ్‌లోనే ఉన్నావు కాబట్టి మిదిర్ బాట కార్డు రాసేముందు వెళ్ళి చూసిరా.

పేర్లు ఎలా పలకాలో కార్డు మీదే వెయ్యి. డబ్లిన్‌లో పుట్టి బళ్ళో ఐరిష్ నేర్చుకునే మన పిల్లలు నిన్నే దిద్దుతారు, వాళ్ళ చేతే చదివించు. అంచుల్లో ఆ ముడుల డిజైన్లు తగ్గించు, ప్రతి టూరిస్టు కప్పు మీదా అవే.

రెండో నమూనాకి ఇంకా బొమ్మలు వేయించకు. రంగుల ప్రింటు తీశాక రూల్ మార్చడానికి మనసొప్పదు. అట్టముక్కల మీద పెన్సిల్‌తో రాసి ఆడించు. గెష్ జంటలు ఓ ఇరవై కుదిరాక ఆ జాబితా ఒక్కటీ పంపు, బోర్డు అక్కర్లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు